వైకుంఠపాళి మరల సముద్రము దాటునా?



ఆట యనగా పనిలేనివారి పని యని పెద్దలు పలువురు తలంతురు. మన యిండ్లలో ఆటలకు గల స్థానము నించుక పరికించినచో ఆ మాట నిలువదు. ముక్కోటి యేకాదశినాడును, శివరాత్రినాడును జాగరము చేయు మన తల్లులకు నిదుర రాకుండ కాచినది వైకుంఠపాళి. వానకాలపు మధ్యాహ్నములందు వదినామఱదండ్ర నొక్క చాపపై గూర్చుండబెట్టినది అష్టాచెమ్మ. చింతగింజలతో వామనగుంట లాడి లెక్కలు నేర్చిన యవ్వలు నేటికిని మన పల్లెలయందు కలరు. పాపపుణ్యముల పేర్లు, గెలుపోటములయందు నిబ్బరము, ఎదుటివారి యెత్తును ముందుగ కనిపెట్టు నేర్పు, ఇవి యన్నియు బడికి పోవుటకు మునుపే ఆటల నెపమున మనకు అబ్బినవి.

నేడు ఆ చాప చుట్టి మూల నిలువబెట్టబడినది. ఆట ఫోనులోనికిని, కంప్యూటరులోనికిని ప్రవేశించినది. "పిల్లవాడు ఫోను వదలడు, అన్నము తినడు" అని తల్లులు మొఱపెట్టుకొనుట ప్రతిదినము వినుచునే యున్నాము. ఆ మొఱ న్యాయమైనదే. అయితే ఆటల నాడువారిని గూర్చి యింతగా మాటలాడుకొను మనము, వానిని చేయువారిని గూర్చి యోచించుట యరుదు. ఆ పని యెట్టిది? అందలి కష్టమేమి? లాభ మెవరికి? మన బిడ్డయే ఆ పనికి పోయెదనన్నచో మన మేమని చెప్పవలెను? ఈ ప్రశ్నలు మా యింట పుట్టినవి. పుట్టుటయే గాక, ఒక పిల్ల పెండ్లికని కూడబెట్టిన సొమ్ముతో ముడిపడినవి. కావున మేము తెలిసికొన్నంతవఱకు సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మేము కాపురముండునది హైదరాబాదు పడమటి భాగమందలి కొత్తగూడలో. మా మేడపై నిలిచి చూచిన నొకదిక్కున కోట్ల విజయభాస్కరరెడ్డి ఉద్యానవనపు చెట్లును, వేఱొకదిక్కున 2023 జనవరి 1వ తేదీన తెఱవబడిన పైవంతెనయు, దాని కావల అద్దాల మేడలును కన్పట్టును. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసినది మొదలు ఈ ప్రాంతపు రాళ్లగుట్టలు ఒక్కటొక్కటిగ తొలగి కార్యాలయములైనవి. వానిలో కొన్ని బ్యాంకుల లెక్కలు చూచును. కొన్ని వీడియో ఆటలు తయారుచేయును. ఎలక్ట్రానిక్ ఆర్ట్సు అను అమెరికా కంపెనీకి ఈ నగరమున పెద్ద కార్యాలయము కలదు. నలుగురైదుగురు కలసి అద్దెగదిలో నడుపుకొను చిన్న స్టూడియోలును కలవు.

మా చెల్లెలి కుమార్తె చిత్రలేఖనము నేర్చి, యేడేండ్లుగ నట్టి స్టూడియో యొకదానిలో ఉద్యోగము చేయుచున్నది. మా యింటనే యుండును. విదేశపు కంపెనీల యాటలకు కావలసిన వస్తువులను చిత్రించుట ఆమె పని. మంచుదేశపు కోటగోడలు, కత్తిపిడులు, గుఱ్ఱపు జీనులు, తలుపు గడియలు. ఒకమాఱు మూడు నెలలపాటు ఒక సత్రపు వంటింటిలోని గిన్నెలను మాత్రమే చిత్రించినది. పని చెప్పువారికి పగలు మనకు రాత్రి యగుటచే, మే మన్నము తిని పడుకొనువేళ కామెకు వారితో సంభాషణ మొదలగును. జీతము మంచిదే, చేయి తిరిగినది. కాని యా యాట లోకమంతట అమ్ముడుపోవునపుడు, చివర వచ్చు పేర్ల పట్టికలో నీమె పేరు కనబడినను కనబడును, లేకున్నను లేదు. కథలో నొక్క మాట మార్చు నధికారము లేదు. "పెద్దమ్మా, ఏడేండ్లనుండి పరుల యిండ్లకు తోరణములు కట్టుచున్నాను. మన గుమ్మమున కొక్కటియు కట్టలేదు" అని యొకనాడు మాతో ననెను.

2024 నవంబరులో మా యింటికి కొద్దిదూరమున నున్న అంతర్జాతీయ సమావేశమందిరమున, భారతదేశమున ఆటలు చేయువారి మహాసభ జరిగెను. అచటికి పోయివచ్చినది మొద లామె మనస్సు నిలువలేదు. సంక్రాంతికి తలిదండ్రులకడకు పోయి, తా నుద్యోగము మాని స్నేహితురాండ్రు ముగ్గురితో కలసి సొంతముగ నొక యాట చేయుదుననియు, రెండేండ్లు పట్టుననియు, తన పెండ్లికని దాచిన సొమ్ములో సగ మిమ్మనియు నడిగెను. మా చెల్లెలు తెనాలినుండి కన్నీటితో వచ్చినది. మఱదిగారు మాటలాడలేదు. "పిల్ల నీ యింట నున్నది, నీవే చెప్పు మక్కా" అని భారము మాపై వైచిరి. చెప్పుటకు ముందు తెలిసికొనవలెను గదా! అందుచే మేము పిల్లతో కూర్చుండి యీ వ్యాపారపు లోతు విచారించితిమి.

ఆమె చేయదలచిన ఆట వైకుంఠపాళి.

వైకుంఠపాళి పరదేశమునకు పోవుట యిది మొదటిమాఱు కాదు. పందొమ్మిదవ శతాబ్దము చివర నాంగ్లేయులు మన పాములపటమును తమ దేశమునకు గొనిపోయిరి. మన పటములో పాము లెక్కువ, నిచ్చెనలు తక్కువ. పుణ్యమార్గము కష్టమని పెద్దల తాత్పర్యము. పాములకు అసురుల పేర్లు, నిచ్చెనలకు సద్గుణముల పేర్లు. ఆంగ్లదేశమున నా పేర్లు పోయి వారి నీతులు చేరెను. పాములును నిచ్చెనలును ఇంచుమించు సరిసమానములయ్యెను. కొంతకాలమునకు నీతులును రాలిపోయెను. 1943లో అమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీ కంపెనీవారు, పాములు పిల్లలకు నచ్చవని వానిని తీసివైచి జాఱుడుబల్లలు పెట్టిరి. మన పచ్చీసును ఇట్లే పోయి 1896లో ఇంగ్లాండున లూడో యను పేర పేటెంటు పొందెను. ఆ లూడోనే మరల మనము పెట్టెలలో కొని తెచ్చుకొంటిమి. 2016లో ముంబయి ప్రాంతపు గేమిషన్ అను కంపెనీ లూడో కింగు అను పేర దానిని ఫోనులోనికి దెచ్చెను. 2020లో కరోనా భయమున జనులు గడప దాటని దినములలో దేశమంతయు దాని నాడెను.

దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. ఆట భాషకన్న తేలికగ సముద్రము దాటును, ఇది మొదటిది. దాటునపు డందు ఏది నిలుపవలెనో, ఏది మార్చవలెనో నిర్ణయించినవారు మనము గాము, గొనిపోయినవారు నిర్ణయించిరి, లాభమును వారిదే యయ్యెను, ఇది రెండవది. ఈమాఱు పంపువారే నిర్ణయింపవలెనని మా పిల్ల కోరిక.

ఈ కోరిక హైదరాబాదునకు క్రొత్తది కాదు. 2009లో ఈ నగరపు అరోనా టెక్నాలజీసు అను సంస్థ చేసిన "హనుమాన్: బాయ్ వారియర్" అను ఆటను సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 2 యంత్రమునకు విడుదల చేసెను. భారతదేశముననే తయారైన మొదటి ప్లేస్టేషను ఆటగ దానిని పేర్కొనిరి. కాని విమర్శకులు దాని పనితనమును మెచ్చలేదు. అంతకన్న పెద్ద చిక్కు మఱియొకటి వచ్చెను. దేవుని మీటలు నొక్కి యాడించుట యపచారమని అమెరికాలోని హిందూ సంఘ మొకటి ఆక్షేపించి, ఆటను వెనుకకు తీసికొనుమని కోరెను. ఆ కాలముననే గేమ్‌శాస్త్ర అను మఱియొక హైదరాబాదు సంస్థ "దేశీ అడ్డా" అను పేర చెడుగుడును, గిల్లీదండాను, గాలిపటములను సోనీ యంత్రముల తెర కెక్కించెను. 2017లో ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న సంస్థ మన పురాణప్రపంచము నాధారముగ గొని "అసుర" అను ఆటను విడుదల చేసెను. అందు ఆడువారు చేపట్టునది దేవుని పాత్ర గాదు, అసురుని పాత్ర.

హిట్‌వికెట్టు అను క్రికెట్టు ఆటను చేయు సంస్థయు నీ నగరముదే. స్థాపకులలో కీర్తి సింగు అను స్త్రీ యొకరు. 2020లో కేంద్రప్రభుత్వము నడిపిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీలో, ఆటల విభాగమున దానికి మొదటిస్థానము వచ్చెను. క్రికెట్టు మనకు ప్రాణము. అమెరికాలోను, జపానులోను పలువురకు దాని నియమములే తెలియవు. లోకమునకు ఆట చేయుట యనిన, మనకు ప్రాణమైనది పరుల కెంతవఱకు ప్రియమగునని ముందుగ లెక్క వేసికొనుటయే. దేవుని కథ చేపట్టినచో ఇంటివారికి కోపము రావచ్చును. మన దన్నది యేదియు లేనిచో పరదేశి దానిని చేతబట్టుటకు కారణమే లేదు. ఈ రెంటి నడిమి దారి వెదకి, మా పిల్ల దేవుని విడిచి అవ్వను పట్టుకొన్నది.

ఆట యిది. ముక్కోటి యేకాదశి రాత్రి ఒక యవ్వయు మనుమరాలును వైకుంఠపాళి యాడుచుందురు. మనుమరాలి కాయ పాము నోట బడినప్పు డామె పటములోనికే జాఱిపోవును. ఒక్కొక్క పాము కడుపు ఒక్కొక్క యిల్లు. అసూయ యను పాము కడుపున అద్దముల గది. లోభమను పాము కడుపున, నింపినకొలదియు వెలితియగు గాదె. చుక్కలు కలిపి ముగ్గు పెట్టినగాని యచటి తలుపులు తెఱచుకొనవు. వినుటకు ముచ్చటగనే యున్నది. నలుగురును సెలవుదినములందు తొలిభాగమును చేసి, పరదేశములందలి స్నేహితులకును, వారి యిరుగుపొరుగు వారికిని పంపి ఆడించిరి. చిక్కు లపుడు బయలుపడినవి.

మొదటి చిక్కు మాటలది. కథలో నొక వదిన కలదు. ఇంగ్లీషులో అన్నభార్య, మఱదలు, తోడికోడలు, ఆడబిడ్డ, నలుగురును ఒక్క మాటలోనే యిమిడిపోవుదురు. తోడికోడలికిని ఆడబిడ్డకును భేదము తెలియని భాషలో అత్తవారింటి కథ నెట్లు చెప్పనగును? డల్లాసులో పెరిగిన తెలుగు పిల్లలకే యా భేదము తెలియలేదట. తుదకు "వదిన" అను మాటను మార్పక యట్లే యుంచిరి. ఆమె మొదటిసారి తెరపైకి వచ్చినపుడు మఱదలి జడలోని పువ్వు లాగి, అంతలో తన కొప్పులోని పెద్దపువ్వు తీసి యామె జడలో తుఱుమును. అర్థము చెప్పనక్కఱలేకపోయెను.

రెండవ చిక్కు అక్షరములది. జర్మను భాషలో మాటలు పొడవగుటచే ఇంగ్లీషునకు కొలిచి పెట్టిన చోట పట్టవు. అరబ్బీ కుడినుండి యెడమకు నడచుటచే తెరనంతయు త్రిప్పి యమర్పవలెను. తెలుగు సంగతి మఱింత విచిత్రము. ఆటలు చేయు కొన్ని పనిముట్లలో మన వత్తులును గుణింతములును సరిగా కుదురవు. "అమ్మ" లోని వత్తు ఊడి ప్రక్కన బడును. తెలుగు కథకు తెలుగక్షరములే నిలువకపోవుట చూచి పిల్ల యొకరాత్రి కన్నీరు పెట్టుకొన్నది. దానిని సరిచేయుటకే వారి కొక నెల పట్టినది.

మూడవది ముగ్గు. చుక్కల నెట్లు కలుపవలెనో పరదేశపు టాటగాండ్రకు తెలియలేదు. పుటనిండ వివరణము వ్రాసిరి, ఎవరును చదువలేదు. పిమ్మట మొదటి ముగ్గును అవ్వ వ్రేలు పూర్తిగ గీయునట్లును, రెండవదానిని సగము గీసి విడుచునట్లును, మూడవదానికి అవ్వ ఊరక చూచుచుండునట్లును మార్చిరి. మనము పిల్లలకు వాకిట నేర్పినది అట్లే గదా! ఈ యుపాయ మేదో పాఠశాలలో నేర్చినది కాదు.

నాల్గవ చిక్కే పెద్దపాము. అమెరికా పిల్లవా డొకడు, "నేను తప్పేమియు చేయలేదు, పాము నన్నేల మింగవలెను?" అని వ్రాసినాడు. వారు చిన్ననాటినుండి యాడిన యాటలలో శిక్ష ఆడువాని పొరపాటునకే వచ్చును. మన పటములో గవ్వలు పడినట్లు నడువవలసినదే. పాము ముందుగ నొక ప్రశ్న వేయవలెననియు, సరియగు జవాబు చెప్పినవారిని విడువవలెననియు స్నేహితురాం డ్రనిరి. ఈ మాట మా తల్లిగారి చెవిని బడెను. ఆమెకు ఎనుబదినాలుగేండ్లు. "పాము అడిగి మింగునటే? మింగని పామున కీ పటమేల?" అని యామె నవ్వినది. వారము దినములు మా యింట కూరలో ఉప్పు చాలినదా లేదా యను మాట మాని యిదియే చర్చ. తుదకు తేలిన దేమనగా, పాము అడుగక మింగవలసినదే, కాయ క్రిందికి జాఱవలసినదే. కాని పాము కడుపునుండి బయటపడువారు అచటినుండి యొక వస్తువును తెచ్చుకొందురు. అది తరువాతి నిచ్చెనకు పనికివచ్చును. పడినవారు వట్టిచేతులతో లేవరు. పరదేశపు పిల్లవాడు సంతోషించినాడు. మా తల్లిగారును, "మా యవ్వ చెప్పినదియు నిదియే" అని యొప్పుకొన్నారు. మార్చుట యనగా దీనినే. పాములను తీసి జాఱుడుబల్లలు పెట్టుట మార్పు గాదు, తుడిచివేత.

ఇట్టి ప్రయత్నములు నెగ్గునా యని సందేహింపనక్కఱలేదు. పుణెలోని నాడింగ్ హెడ్స్ అను సంస్థ చేసిన "రాజీ" అను ఆట 2020లో వెలువడినది. తమ్ముని రాక్షసులనుండి విడిపించు నొక బాలిక కథ యది. సంస్థ స్థాపకులలో శ్రుతి ఘోష్ అను చిత్రకారిణి యొకరు. 2017లో వారు ప్రజలనుండి చందాలు కోరగా తలచినంత సొమ్ము రాలేదు; ఐనను పని మానలేదు. 2020లో అమెరికాలో జరుగు గేమ్ అవార్డ్సు అను బహుమతుల సభలో, తొలిప్రయత్నముగ చేసిన యాటల పోటీకి అది యెన్నికైనది. మఱియొకటి మన పొరుగున నున్న తమిళుల కథ. కెనడాలోని విసై గేమ్సు అను చిన్న సంస్థ 2023లో "వెణ్బా" అను ఆటను విడుదల చేసెను. కెనడాకు వలసపోయిన తల్లి, చెదలు పట్టినట్లు చిరిగి మాసిన తన తల్లి వంటపుస్తకమును చూచి, చెఱిగిన చోట లూహించి ఇడ్లీలు మొదలగునవి వండును. కొడుకు నానాటికి తల్లిభాషకు దూరమగుచుండును. ఇంతే కథ. కత్తి లేదు, తుపాకి లేదు. 2024లో బ్రిటిషు బాఫ్టా సంస్థవారు దానికి తొలియాట బహుమతి నిచ్చిరి. ఇడ్లీపాత్రలో నీరు ముందా పిండి ముందా యని లండనులోని మనుష్యుడు తలపట్టుకొని కూర్చుండినాడనిన, వంటింటిని తక్కువగ జూచువారి కంతకన్న జవాబేల?

ఇక వ్యాపారము. మెప్పు వేఱు, బియ్యము వేఱు. ఆట లమ్ము పెద్ద యంగళ్లు, కంప్యూటరునకు స్టీము, ఫోనునకు ఆపిలు, గూగులు, అమ్మినదానిలో సామాన్యముగ నూటికి 30 వంతులు తాము గొనును. ఫోను అంగళ్లవారు 2021నుండి చిన్న వ్యాపారులకు 15 వంతులకు తగ్గించిరి. పిమ్మట పన్నులు. ప్రచురణకర్త యుండి ముందుగ బయానా ఇచ్చినచో, ఆ సొమ్ము తీఱువఱకు వచ్చిన రాబడిలో చేసినవారి చేతికి సాధారణముగ నేమియు రాదు. అమెరికాలో పెట్టిన వెల మన దేశమున నెవరు నీయలేరు గావున దేశమునకొక వెల నిర్ణయింపవలెను. స్టీములో కొన్న యాటను రెండు గంటలకన్న తక్కువ ఆడి, పదునాలుగు దినములలోపల వద్దన్నచో సొమ్ము తిరిగి యిచ్చెదరు. చీర కట్టి విప్పి యంగడికి పంపినట్లు, చిన్న యాటను పూర్తిగ నాడి తిరిగి యీయవచ్చును. అన్నిటికన్న పెద్ద చిక్కు సంత రద్దీ. 2024లో ఒక్క స్టీము నందే 18 వేలకు పైగ క్రొత్త యాటలు వచ్చినవి. ఆ రాశిలో కొత్తగూడ పిల్లలు నలుగురు చేసిన దాని నెవరు చూతురు? అందుచే ఆట సగమైనను కాకమునుపే దానిని గూర్చి నలుగురికి చెప్పుట మొదలుపెట్టవలెను. చేయుట యెంత పనియో చాటుట యంత పని.

ఫోను ఆటల దారి వేఱు. ఆట ఉచితము, లోపల ప్రకటనలు చూపియు, చిన్నచిన్న వస్తువు లమ్మియు సొమ్ము రాబట్టుదురు. సొమ్ము పెట్టువారు కొందఱే యగుటచే, వారిని వదలకుండ పట్టి యుంచుటయే విద్య యగును. ఒక ధనికుడు మా పిల్లకు పెట్టుబడి యిత్తుననెను. ఆమె పేరుగాని సంస్థ పేరుగాని కోరలేదు, మూడు మార్పులు కోరెను. పాములు ఎక్కువ చేయవలెను; పాము కడుపునుండి త్వరగ బయటపడుటకు సొమ్ము పుచ్చుకొనవలెను; ప్రతిదినము చక్రము త్రిప్పి బహుమతి పొందు నేర్పాటుండవలెను. అవ్వ మాట లెవరు చదువుదురు, తీసివేయుమనెను. పిల్ల యా రాత్రి నిదురపోలేదు. అతడిచ్చు సొమ్ముతో పెండ్లి సొమ్ము ముట్టనక్కఱలేదు. తల్లి కన్నీరు తుడువవచ్చును. తెల్లవాఱిన పిదప మాకడకు వచ్చి, "పాముచేత మింగించి విడుదలకు రూకలు పుచ్చుకొన్నచో, లోభమను పాము పటములో నుండదు పెద్దమ్మా, నాలో నుండును" అనెను. అతనికి వల దని వ్రాసివైచినది. ఆమె తీర్పు సరియైనదని మా యభిప్రాయము. పిల్లవాడు ఫోను వదలడని మొఱపెట్టు తల్లులు, వదలకుండునట్లు చేయుటకు జీతములిచ్చి మనుష్యులను పెట్టుకొందురని యెఱుగవలెను. పణమొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను తెలంగాణము 2017లోనే నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసెను. ఆ చట్టమే పణము లేని యాటలను ప్రోత్సహింపవలెననియు చెప్పుచున్నది. అయితే చట్టము జూదమును పట్టును గాని, పసివాని మనస్సును గాలము వేయు ప్రతి యుపాయమును పట్టజాలదు. అది చేయువారి యంతరాత్మ పట్టవలసినదే.

ఇంతయు విన్న తరువాత మా చెల్లెలును మఱదిగారును మరల వచ్చిరి. లోతట్టు మాట లన్నియు వ్రాయము. నిశ్చయించిన దేమనగా: సొమ్ములో సగము గాక మూడవవంతు, బంగారము ముట్టరాదు, ఇల్లు తాకట్టు పెట్టరాదు, గడువు పదునెనిమిది నెలలు, అప్పటికి ఆట వెలువడకున్న మరల ఉద్యోగము వెదకుకొనవలెను. నలుగురు స్నేహితురాండ్రును ఎవరి వంతెంతయో ముందే కాగితముపై వ్రాసికొనిరి. పాత యుద్యోగపు ఒప్పందము నొక న్యాయవాదికి చూపి, సెలవుదినములందు చేసిన పనిపై ఆ స్టూడియోకు హక్కు లేదని తెలిసికొనిరి. "మఱి పెండ్లి మాట?" అని మా చెల్లె లడుగగా, "నన్ను చేసికొనువాడు ముందుగ నా యాట నాడి చూచి రావలెను" అని పిల్ల నవ్వెను. తల్లియు నవ్వలేక నవ్వినది. ఇప్పుడు మా ముందుగదిలో నాలుగు కంప్యూటరులు పగలు రేయి వెలుగుచున్నవి. కరెంటు బిల్లు హెచ్చినది. గడువులో ఆఱు నెలలు గడచినవి. ఆట నెగ్గునో లేదో చెప్పుటకు మేము జ్యోతిష్కులము గాము.

కాని యిట్టి బిడ్డలు గల సోదరీమణులకు మా మనవి యొకటి. పిల్లయో పిల్లవాడో ఆటలు చేయుదునని వచ్చినపుడు "ఆటలా!" అని కసరకుడు, "సరే" అని చెక్కు వ్రాసి యీయకుడు. మూడు ప్రశ్న లడుగుడు. ఇందు నీ దేది, హక్కు పత్రము లెవరి పేర నుండును? సొమ్ము ఏ దారిని వచ్చును, నీ చేతికి వచ్చుటకు ముందు ఎంతమంది చేతులు దాటవలెను? నీ యాట నాడిన పసిబిడ్డ ఫోను క్రింద బెట్టినప్పుడు వానికి మిగులు నదేమి? ఈ మూటికి తడబడక జవాబు చెప్పు బిడ్డకు ఇంటిలో నొక గదియు, కొంత కాలమును, మితముగ సొమ్మును ఇచ్చుట తగును. మొదటి ప్రశ్నకు జవాబు లేనివా డెంత నేర్పరియైనను పరులకు తోరణములు కట్టువాడే. మూడవదానికి లేనివా డెంత ధనవంతుడైనను మన బిడ్డలకు పామే.

అడుగుటకు మన మెవరమని సంకోచింపవలదు. చాపపై గవ్వలు వైచి, అల్లరి పిల్లలను రాత్రియంతయు కూర్చుండబెట్టి, పాపపుణ్యములు చెప్పిన తల్లుల బిడ్డలము మనము. ఆట యెట్లుండవలెనో మనకు తెలియకున్న నెవరికి తెలియును? మూల నున్న చాపను అప్పుడప్పుడు పఱచి, మీ యవ్వ లాడిన యాటలను, వాని పేర్లను, పాటలను, గడుల లెక్కలను మీ బిడ్డలచే వ్రాయించి యుంచుడు. రేపు మఱియొక పిల్లకు పెట్టుబడి యదియే కావచ్చును. ఈమాఱు మన పటము సముద్రము దాటినపుడు, దానిపై మన పాములు, మన నిచ్చెనలు, మన పిల్లల పేర్లు ఉండుగాక!